క్యానులో పోయని పాలు

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి, సీతారామరాజుగారి పెరట్లో, ఇంటి గేదె మెడనరం నుంచి డాక్టర్ సుప్రజ ఒక గొట్టం నిండా రక్తం తీసింది. గేదె మోర పట్టుకున్నది పాలు పితికే పెదబాబు. చూస్తూ నిలబడ్డవాళ్ళు సీతారామరాజుగారు, ఆయన భార్య సూర్యకాంతమ్మ.

సుప్రజ పశువుల డాక్టరు. భీమవరంలో ఒక పాల సంస్థకి చెందిన పరీక్షల ల్యాబు ఆమె చేతికింద నడుస్తుంది. సీతారామరాజుగారి కోడలు కీర్తిప్రియ ఆమెకి సొంత చెల్లెలు. కీర్తికి ఇప్పుడు ఏడో నెల. మూడు వారాలుగా రోజూ సాయంత్రం జ్వరం వస్తోంది. తెల్లారేసరికి దిండు తడిసేలా చెమట పట్టి దిగిపోతోంది. నడుం నొప్పి పెడుతోంది. టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, తగ్గలేదు. కిందటి వారం ఫోనులో వేరే ఏదో చెబుతూ మాటల మధ్య ఆ పిల్ల ఒక సంగతి చెప్పింది. అత్తగారు రోజూ తెల్లవారుజామున పొదుగు కింద చెంబు పెట్టించి, ఆ వెచ్చదనం పోకముందే గుమ్మపాలు తాగిస్తున్నారట. పొయ్యి మీద పెట్టని పాలు. కడుపుతో ఉన్నవాళ్ళకి బలమని.

ఏ గేదెవి అని సుప్రజ అడిగింది. ఇంటి గేదెవి అని కీర్తి చెప్పింది. రేపటినుంచి ఆ పాలు ముట్టుకోవద్దని చెప్పి సుప్రజ ఫోను పెట్టేసింది.

పశువులకి నెలలు నిండకుండానే కడుపులు పోయే జబ్బు ఒకటుంది. బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పచ్చిపాల ద్వారా మనిషికి ఎక్కుతుంది. ఎక్కినప్పుడు జ్వరం సాయంత్రాలు వస్తుంది, చెమటతో దిగుతుంది, నడుం పట్టేస్తుంది. కడుపుతో ఉన్న మనిషికి ఎక్కితే ఏమవుతుందో సుప్రజ పుస్తకాల్లో చదివింది.

సీతారామరాజుగారి పాకలో ముప్పై ఒక్క ముర్రా గేదెలున్నాయి. వాటి పాలన్నీ క్యానుల్లో సంస్థకి వస్తాయి. నెలకోసారి ఆ పాలకి ల్యాబులో పరీక్ష జరుగుతుంది. పాలలో రంగు చుక్క వేసి కాసేపు వెచ్చగా ఉంచుతారు. మందలో జబ్బుంటే పైన తేలిన మీగడ దగ్గర రంగు వలయం కడుతుంది. ఆయన క్యానుల్లో ఎప్పుడూ వలయం కట్టలేదు.

ఇంటి గేదె పాలు మాత్రం క్యానులో పొయ్యరు. ఇంటి పాడి అమ్ముకోకూడదని ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ పట్టింపు. దాన్ని మందలో కట్టరు. వంటింటి వెనక విడిగా పాక. పిల్లిపెసర మేత ముందు దానికి వేశాకే మిగతావాటికి. అమ్మే గేదెలకి జరిగిన పరీక్షలేవీ దానికి జరగలేదు. ఎవరూ తప్పించలేదు. దాన్ని పరీక్షించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

సీతారామరాజుగారు రక్తం తీయడానికి ముందే అడ్డుపడ్డారు. గొంతు పెంచలేదు. ముప్పై ఒక్కదానికీ తీసుకోమన్నారు, కావాలంటే రోజంతా ఉండి తీసుకోమన్నారు, భోజనం ఇక్కడే అన్నారు.

"దీని జోలికి ఎందుకమ్మా? ఇది అమ్మకం గేదె కాదు. ఇంటి గేదె."

"అందుకేనండి మావయ్యగారూ. కీర్తి తాగింది దీని పాలే."

"మేమందరం తాగుతున్నాం కదా. నాకేమైంది?"

"మీరు కాఫీలో పోసుకుని తాగుతారండి. కాగిన పాలు."

ఆయన పెదబాబు వైపు తిరిగారు. "విన్నావంట్రా? డాక్టరమ్మగారు మన కాఫీ మీద కూడా కన్నేశారు."

పెదబాబు నవ్వలేదు. మోకు ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. అతను ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ సంగతి సుప్రజ గమనించింది.

సూర్యకాంతమ్మ వచ్చి గేదె నుదురు నిమురుతూ పక్కన నిలబడింది. తియ్యమ్మా అంది. భర్త వైపు చూడలేదు. సుప్రజ వెంట్రుకలు పాయ తీసి, నరం బొటనవేలితో నొక్కి, సూది దించింది. గేదె ఒక్కసారి తల విదిలించి ఊరుకుంది. గొట్టం నిండింది. మూత పెట్టి నిలువుగా పెట్టెలో ఉంచింది.

సర్దుకుంటున్నప్పుడు ఆమె కంట పడింది గుంజ. పాలిచ్చే గేదె పక్కన దూడ ఉండాలి. చిన్న గుంజ ఉంది, దానికి పలుపు వేలాడుతోంది. దూడ లేదు.

దూడ ఏదండీ అని అడిగింది.

పుట్టగానే పోయిందని సీతారామరాజుగారు చెప్పారు. నెలలు నిండే పుట్టిందా అని అడిగితే, నిండే పుట్టిందన్నారు. పెదబాబు మోకు చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టాల్సినదానికంటే నెమ్మదిగా చుడుతున్నాడు.

"నిండలేదు," అంది సూర్యకాంతమ్మ. "ఏడో నెల్లో ఈచుకుపోయింది."

"కాంతం."

"ఇంకా ఏం దాస్తామండీ. పిల్లకి జ్వరం తగ్గట్లేదు."

గేదె నెమరు వేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత సూర్యకాంతమ్మ మొత్తం చెప్పింది. గేదె నెలలు నిండకుండానే దూడని పారేసింది కీర్తి కాపురానికి వచ్చిన వారంలో. పెళ్ళిపందిరి ఇంకా విప్పలేదు. ఇంటి గేదె ఈచుకుపోయిందని తెలిస్తే ఊరు ఒకటే మాట అంటుంది. కొత్తకోడలు గడపలో కాలు పెట్టిన వేళ అంటుంది. ఒకసారి అంటే ఆ మాట ఆ పిల్లని జీవితాంతం వదలదు. అందుకని ఆవిడా, పెదబాబూ కలిసి మాయని చేతులతో లాగి తీశారు. దూడనీ, మాయనీ కొబ్బరితోటలో పాతిపెట్టారు. నిండు దూడే, పురిట్లో పోయిందని అందరికీ చెప్పారు. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. కొడుక్కి కూడా చెప్పలేదు.

"నీ చెల్లెల్ని ఎవరూ ఒక మాట అనకూడదనే చేశానమ్మా," అంది సూర్యకాంతమ్మ. "నాకు కూతుళ్ళు లేరు. దాని ఒంట్లో బలం ఉండాలని నేనే దగ్గర కూర్చుని తాగించాను. వద్దంటే కోప్పడి తాగించాను."

మాయ తీసేటప్పుడు చేతికి గ్లవుజులు వేసుకున్నారా అని సుప్రజ అడగబోయి మానేసింది. ఆ ఊళ్ళో ఎవరూ వేసుకోరు. మీరూ, పెదబాబూ కూడా రక్తం చూపించుకోవాలని మాత్రం చెప్పింది. మోకాళ్ళ నొప్పులు ఏమన్నా ఉన్నాయా అని పెదబాబుని అడిగింది. మోకాళ్ళు కాదండి, నడుం, ఎండాకాలం నుంచీ, అన్నాడతను.

కీర్తి ఆ సమయానికి ఇంట్లో లేదు. భర్త సూర్యతేజతో కలిసి రక్తపరీక్షకి టౌనుకి వెళ్ళింది. ఈ జబ్బు పేరు చెప్పి పరీక్ష రాయించమని సుప్రజే పంపింది.

వీధి గుమ్మం దాకా సూర్యకాంతమ్మ వెంట వచ్చింది. కారు తలుపు పట్టుకుని, లోపలున్న భర్తకి వినపడకుండా అడిగింది.

"లోపలున్న బిడ్డకేం కాదుగా?"

ముందు గేదెకి ఉందో లేదో చూడాలండి అత్తయ్యగారూ అని సుప్రజ కారు తీసింది. ఆవిడ తలుపు వదలడానికి కొంచెం సమయం పట్టింది.

ల్యాబులో టెక్నీషియన్ ఏసురాజు అప్పటికే మందు సీసా ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చల్లగా ఉంటే ఫలితం సరిగా రాదు. రక్తం గడ్డకట్టి పైన గోధుమరంగు రసం తేరింది. యంత్రంలో తిప్పి, ఆ రసాన్ని వేరు చేశారు. జబ్బుతో పోరాడిన గుర్తులు ఒంట్లో ఏమన్నా ఉంటే ఆ రసంలోనే ఉంటాయి.

సీసాలో ఉన్నది చచ్చిన బ్రుసెల్లా క్రిములు. వాటికి గులాబీ రంగు పట్టించి ఉంటారు. తెల్లటి పలక మీద ఒక చుక్క రసం, పక్కన ఒక చుక్క గులాబీ మందు వేసి, పుల్లతో కలిపి, నాలుగు నిమిషాలు పలకని అటూ ఇటూ ఊపాలి. పశువు ఒంట్లో ఆ క్రిమి మీద తయారైన ప్రతిరక్షకాలు ఉంటే, అవి చచ్చిన క్రిముల్ని కూడా పట్టుకుని ఒకదానికొకటి ముడివేస్తాయి. చుక్కలో పలుకులు తేలతాయి. లేకపోతే చుక్క నున్నగా అలాగే ఉంటుంది.

మూడు చుక్కలు వేశారు. ఒకటి జబ్బుందని తెలిసిన పశువుది, ఒకటి లేదని తెలిసినది, మూడోది ఇంటి గేదెది. ఏసురాజు పలక ఊపాడు. నిమిషం పూర్తికాకముందే మూడో చుక్కలో గులాబీరంగు నీళ్ళలో ఉప్మారవ్వ పోసినట్టు పలుకులు తేలాయి.

ఏసురాజు పలక కిందపెట్టి, దూడగా ఉన్నప్పుడు వేసిన టీకా వల్ల కూడా ఇలా రావచ్చు కదా మేడమ్ అన్నాడు. అనాల్సిన మాటే. టీకా వేసినా ప్రతిరక్షకాలు పుడతాయి, ఈ పరీక్షకి ఆ తేడా తెలియదు. సుప్రజ తల అడ్డంగా ఊపింది. గేదె నాలుగో ఈతది. దూడప్పటి టీకా గుర్తులు ఇంతకాలం ఇంత గట్టిగా నిలవవు. పైగా ఈచుకుపోయింది. మిగిలిన రసాన్ని పెద్ద ల్యాబుకి పంపమని చెప్పింది, రూలు ప్రకారం. తనకి మాత్రం తెలిసిపోయింది.

ఆమె బయటికి వచ్చి పంపు దగ్గర ముఖం కడుక్కుంది. కడుక్కుంటుండగా ఫోను మోగింది.

సూర్యతేజ. గొంతులో నవ్వు. టౌనులో ల్యాబు వాళ్ళు స్లైడు మీద పరీక్ష చేశారట, కీర్తికి ఆ జబ్బు లేదట. ఇంటికి కూడా చెప్పేశాడట. అమ్మ ఏడ్చేసిందట. అతను పెట్టేసిన వెంటనే సీతారామరాజుగారి ఫోను వచ్చింది.

"పిల్లకి లేదంటమ్మా. విన్నావా? ఇంక ఆ గేదెకి ఉంటే ఉంది. రేపే సంతకి తోలేస్తాను."

"తోలకండి మావయ్యగారూ. ఇంకో ఇంట్లో కడతారు. ఇంకో పిల్ల తాగుతుంది."

ఫోను కట్ అయింది.

సుప్రజ అలాగే నిలబడింది. లేదు అన్న మాట తనకి కూడా కావాలి. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళి పడుకోవాలని ఉంది. కానీ జ్వరం టైఫాయిడ్ మందుకి తగ్గలేదు. తాగించిన పాలలో జబ్బుంది. నెలలపాటు రోజూ తాగింది. మనిషికి ఈ జబ్బు నయం చేసే మందులున్నాయి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వదగ్గవి కూడా ఉన్నాయి. ఆలస్యం కాకుండా మొదలుపెట్టాలి. లేదు అని రాసి ఉన్నంతవరకు ఏ డాక్టరూ వాటిని మొదలుపెట్టడు. ఆ లేదు అన్నది తప్పయితే, వృథాగా పోయేది మందు మొదలుపెట్టాల్సిన రోజులే.

ఆమె సూర్యతేజకి ఫోను చేసి, టౌను ల్యాబులో మిగిలిన రక్తం గొట్టం అడిగి తీసుకుని కీర్తిని ఇటు తీసుకురమ్మంది.

"మళ్ళీ ఎందుకు వదినగారూ? లేదన్నారు కదండీ."

"ఉన్న రక్తమే తేవయ్యా. కొత్తగా గుచ్చను."

వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రైతులు శాంపిళ్ళు ఇచ్చే ముందుగదిలో కీర్తి బెంచీ మీద నడుం వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముఖం పాలిపోయింది, కాని హుషారుగా ఉంది. లేదన్న మాట పనిచేస్తోంది.

"ఏంటక్కా, నన్ను కూడా గేదెల వరసలో కూర్చోబెట్టావు? చెవికి పోగు కూడా వేస్తావా, నంబరుతో?"

"నోరు మూసుకుని కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"కాచిన పాలు తోడేసిందేనా?"

సూర్యతేజ నవ్వాడు. సుప్రజ కూడా నవ్వింది. లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

పశువుల ల్యాబులో మనిషి రక్తం పరీక్షించడానికి అనుమతి లేదు. ఆ సంగతి సుప్రజకి తెలుసు. ఆమె గొట్టం మీదున్న పేరు చీటీ పీకేసి అంకె రాసింది. రసం వేరు చేసి ఏసురాజుకి ఇచ్చింది. దేనిదో చెప్పలేదు. తెలియనివాడి కళ్ళతో చూడాలి. తన కళ్ళని ఆమె ఇప్పుడు నమ్మడం లేదు.

ఏసురాజు చుక్క వేశాడు, కలిపాడు, ఊపాడు. నాలుగు నిమిషాలు అయ్యాయి. పలకని వెలుతురు కింద వాల్చి చూశాడు. చుక్క నున్నగా ఉంది. లేదు మేడమ్ అన్నాడు.

సుప్రజ కూడా వంగి చూసింది. ఒక్క పలుకు లేదు. తలుపు అద్దంలోంచి ముందుగది కనిపిస్తోంది. సూర్యతేజ ఏదో అంటుంటే కీర్తి అతని భుజం మీద కొడుతోంది. తలుపు తీసి, నీకేం లేదే అని చెప్పేస్తే చాలు. ఇద్దరు టెక్నీషియన్లు, రెండు ల్యాబులు, ఒకటే జవాబు.

ఆమె తలుపు తీయలేదు.

ఈ పరీక్ష ఎప్పుడు అబద్ధం చెబుతుందో ఆమె చదువుకున్న రోజుల్లో ఒక మాస్టారు చెప్పారు. ఆయనది నర్సాపురం వైపు. గోదావరి దాటించే పంటుని చూపించి చెప్పారు. రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి, ఒకే మోకు రెండు కొసలూ రెండింటి కొక్కేలకి కడితే పంటు తయారవుతుంది. ప్రతిరక్షకం ఆ మోకులాంటిది, దానికి రెండు కొసలు. క్రిమి పడవలాంటిది, దాని చుట్టూ కొక్కేలు. మోకులు సరిపడా ఉంటే పడవలు ఒకదానికొకటి ముడిపడతాయి. పలుకులు కనిపించేది అప్పుడే. మోకులు లేకపోతే ముడిపడవు. అదే విధంగా మోకులు మరీ ఎక్కువైతే కూడా ముడిపడవు. ప్రతి పడవకీ ఉన్న కొక్కేలన్నీ వేరువేరు మోకులతో నిండిపోతాయి. రెండో కొస తగిలించడానికి పక్క పడవలో ఖాళీ కొక్కెం మిగలదు. పడవలన్నీ మోకులు వేలాడేసుకుని విడివిడిగా తేలుతూ ఉంటాయి. దూరం నుంచి చూసినవాడికి ఒక్క మోకు కూడా లేనట్టే కనిపిస్తుంది.

జబ్బు లేనివాళ్ళ చుక్క నున్నగా ఉంటుంది. జబ్బు బాగా ముదిరినవాళ్ళ చుక్క కూడా ఒక్కోసారి నున్నగానే ఉంటుంది. తేడా తెలుసుకునే దారి ఒకటే. రసాన్ని ఉప్పునీటితో పలచన చేస్తూ పోవాలి.

"దీన్ని పలచన చేసి మళ్ళీ వెయ్యి," అంది సుప్రజ.

"లేదని వచ్చినదాన్ని కూడానా మేడమ్?"

"దాన్నే."

ఆయ్ అని ఏసురాజు చిన్న గొట్టాలు వరసగా పెట్టాడు. మొదటిదానిలో సగానికి సగం ఉప్పునీళ్ళు. అందులోంచి సగం తీసి రెండోదానిలో, మళ్ళీ సగం. అలా ఆరు గొట్టాల దాకా వెళ్ళాడు. పలక మీద ఆరు చుక్కలు పడ్డాయి, పక్కన ఆరు గులాబీ చుక్కలు. పుల్లతో ఒక్కొక్కటీ కలిపాడు. ప్రతిదానికీ కొత్త పుల్ల. పలక ఎత్తి ఊపడం మొదలుపెట్టాడు.

సుప్రజ గడియారం చూడలేదు. గోడకి ఉన్న టీకాల పోస్టరు చదివింది. చదివిన వాక్యమే మళ్ళీ చదివింది. ముందుగదిలోంచి కీర్తి గొంతు వినిపిస్తోంది. మజ్జిగలో ఉప్పెక్కువైందని భర్తకి చెబుతోంది.

ఏసురాజు ఊపడం ఆపాడు. పలకని దీపం దగ్గరికి తీసుకెళ్ళి వాల్చాడు. ఇంకోసారి వాల్చాడు. బల్ల మీద పెట్టి సుప్రజ వైపు తిప్పాడు.

మొదటి చుక్క నున్నగా ఉంది. రెండోదాని అంచున సన్నటి ఇసక కనిపించింది. మూడో చుక్క నుంచి ఆరో చుక్క దాకా నాలుగింటిలోనూ పలుకులు కట్టాయి. ఇంటి గేదె చుక్కలో కట్టినంత ముద్దగా కట్టాయి.

"ఏ గేదెదండీ మేడమ్ ఇది?" అన్నాడు ఏసురాజు. "ఇంత పట్టేదాకా ఎలా వదిలేశారు?"

సుప్రజ తలుపు వైపు తిరిగింది. ఏసురాజు ఆమె ముఖం చూశాడు. తర్వాత ఆమె చూస్తున్న వైపు చూశాడు. తలుపు అద్దం, అవతల బెంచీ. అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ చేస్తానండి అన్నాడు, తప్పు జరిగి ఉండొచ్చు అన్నాడు. కొత్త పలక తీశాడు. కొత్త సీసా మూత తీశాడు. రెండోసారి కూడా అవే చుక్కల్లో అవే పలుకులు కట్టాయి.

రాజమండ్రిలో డాక్టర్ ఆశాజ్యోతి పేరు సుప్రజకి ముందే తెలుసు. ఇబ్బందులున్న కాన్పులు ఆవిడ చూస్తారు. ఫోను రెండోసారికి కలిసింది. సుప్రజ తాను ఎవరో, ఏం చేసిందో, ఎందుకు చేసిందో దాచకుండా చెప్పింది. పశువుల ల్యాబు అని కూడా చెప్పింది. ఆవిడ తిట్టలేదు. పలచన చేస్తే ఎక్కడిదాకా కట్టిందని అడిగారు. విని, వెంటనే బయల్దేరమన్నారు. మా ల్యాబులో మళ్ళీ చేయిస్తాను, దానికోసం ఆగకుండా మందు మొదలుపెడతాను అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు.

సుప్రజ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తలుపు తీసింది. కీర్తి తలెత్తి చూసింది. అక్క ముఖం చూడగానే చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఏంటక్కా?"

"బిడ్డ చివరిసారి ఎప్పుడు కదిలాడే?"

కీర్తి వెంటనే చెబుదామని నోరు తెరిచింది. ఆగింది. సూర్యతేజ వైపు చూసింది, అతనికేమన్నా తెలుసేమో అన్నట్టు. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుంది. ఒక చోట నొక్కింది, ఇంకో చోట నొక్కింది.

"నిన్న రాత్రి అన్నం తిన్నాక కదిలాడు," అంది. "పొద్దున్న పరీక్ష హడావిడిలో పడిపోయాను. పట్టించుకోలేదక్కా."

అటువైపు నుంచి డాక్టరుగారు ఏం చెబుతున్నారో సుప్రజ విన్నది. సరేనండి అంది.

కారు సూర్యతేజ నడిపాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. కీర్తిని ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టమని డాక్టరుగారు చెప్పారు, సుప్రజ అలాగే పడుకోబెట్టింది. దారిలో సూర్యకాంతమ్మ నుంచి ఏడుసార్లు ఫోను వచ్చింది. ఎవరూ తీయలేదు. నిడదవోలు దాటాక కీర్తి మాట్లాడడం మానేసింది. కళ్ళు తెరిచే ఉంది.

సాయంత్రం నాలుగు దాటాక కారు కొవ్వూరు దగ్గర గోదావరి వంతెన ఎక్కింది, అవతలి ఒడ్డున రాజమండ్రి. ముందు లారీలు ఆగి ఉన్నాయి. భీమవరం నుంచి అక్కడిదాకా సుప్రజ అరచెయ్యి చెల్లెలి పొట్ట మీద నుంచి తియ్యలేదు. అప్పటివరకు కదలిక తగల్లేదు.